తలుపు నంబరు 3389

మా బాబాయికి గుంటూరు బ్రాడీపేటలో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ ఆఫీసు ఉంది. తొమ్మిది కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, నాలుగు కెమెరాలకి ఒక డీవీఆర్, గుమ్మం పక్కన వేలిముద్ర పెట్టే అటెండెన్స్ మిషన్. నిరుడు వేసవిలో ఒక సోమవారం పొద్దున ట్యాలీ తెరిస్తే కంపెనీల లిస్టు ఖాళీగా వచ్చింది. డేటా ఫోల్డర్ చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో పిచ్చి అక్షరాలు, పక్కన ఒక టెక్స్ట్ ఫైలు. అందులో ఎంత కట్టాలో, ఎలా కట్టాలో రాసి ఉంది. బాబాయి కట్టలేదు. పదకొండు రోజుల కిందటి బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికింది కాబట్టి బతికిపోయారు. ఆ పదకొండు రోజుల ఎంట్రీలు మళ్ళీ కొట్టడానికి స్టాఫ్ ముగ్గురు రెండు ఆదివారాలు ఆఫీసుకి వచ్చారు.

"ఒరేయ్, నువ్వు చదివేది కంప్యూటర్సే కదా, అసలు వాడు ఎటునుంచి వచ్చాడో చూడు" అన్నాడు బాబాయి. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు నెట్‌వర్క్స్ అంటే పరీక్షలో ఏడు లేయర్ల పేర్లు వరసగా రాయడం వరకే తెలుసు. అయినా వెళ్ళాను. ఈ వ్యాసం ఆ తర్వాత నేను నేర్చుకున్నది. మీలో చాలామందికి ఇలాంటి బాబాయో మామయ్యో ఉంటారు, వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇదే మాట అంటారు.

ఎటునుంచి వచ్చాడో కనుక్కోవడం కష్టం కాలేదు. ఇంటినుంచి ట్యాలీ చూసుకోవడానికి వీలుగా ఉంటుందని రెండేళ్ళ కిందట ఎవరో వచ్చి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి వెళ్ళారు. అంటే బయటనుంచి ఎవరైనా 3389 పోర్టు తలుపు తడితే, రౌటర్ వాళ్ళని నేరుగా సర్వర్ కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెడుతుంది. 3389 అంటే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 4625 నంబరు ఎంట్రీలు పేజీలకి పేజీలు ఉన్నాయి. 4625 అంటే లాగిన్ ఫెయిల్ అయింది అని. పగలూ రాత్రీ ఎవరో పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూనే ఉన్నారు. పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? ఆఫీసు పేరు, పక్కన 123. ఎప్పటికో అప్పటికి తగలక మానుతుందా?

"మన గుంటూరు ఆఫీసు మీద ఎవడికిరా అంత కోపం?" అని బాబాయి అడిగాడు. కోపం ఎవరికీ లేదు. ఇంటర్నెట్‌లో ఉన్న అడ్రసులన్నిటి తలుపులూ వరసపెట్టి తట్టి చూసే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఏ అడ్రసులో ఏ పోర్టు తెరిచి ఉందో వెతికి చూపించే షోడాన్ అనే సెర్చ్ ఇంజనే 2009 నుంచి ఉంది. పోర్టు నంబరు 3389 బదులు ఇంకోటి పెట్టుకుంటే చాలదా అంటే, చాలదు. ఉన్నవి మొత్తం 65,535 పోర్టులు. మనిషికి అది చాలా ఎక్కువ, ప్రోగ్రాముకి కాదు.

ఇక అసలు విషయం. ఫైర్‌వాల్ అనే మాట కంప్యూటర్లకంటే ముందునుంచీ ఉంది. ఒక ఇంట్లో మంట పక్కింటికి పాకకుండా మధ్యలో కట్టే గోడ. నాకు మాత్రం గోడకంటే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పోలికే బాగా కుదురుతుందనిపించింది, ఎందుకంటే మన ఫైర్‌వాల్ దగ్గర ఒక పుస్తకం ఉంటుంది. లోపలినుంచి ఎవరైనా బయటికి వెళ్తే, ఎవరు, ఎక్కడికి, ఏ పోర్టునుంచి ఏ పోర్టుకి అని అందులో రాసుకుంటాడు. తిరిగి వచ్చిన జవాబు ఆ పుస్తకంలో ఉన్న ఎంట్రీకి సరిపోతే లోపలికి వదులుతాడు. మనం పిలవకుండా వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తాడు. ఈ పుస్తకాన్నే స్టేట్ టేబుల్ అంటారు, అది ఉన్న ఫైర్‌వాల్‌ని స్టేట్‌ఫుల్ అంటారు. ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతా సగం దానంతటదే వస్తుంది. బయటనుంచి వచ్చే జవాబులకి వేరే రూల్ రాయక్కర్లేదు, బయటికి వెళ్ళడానికి రాస్తే చాలు అన్నమాట.

కొత్త పెట్టె కొనే బడ్జెట్ లేదు. మూలన పడి ఉన్న పాత ఐ3 కంప్యూటర్ తుడిచి, అందులో రెండు పోర్టులున్న ఇంటెల్ నెట్‌వర్క్ కార్డు సెకండ్ హ్యాండ్‌ది వేసి, పీఎఫ్‌సెన్స్ ఎక్కించాను. ఇది ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే ఉచిత ఫైర్‌వాల్. లోపల పనిచేసేది పీఎఫ్, అంటే ప్యాకెట్ ఫిల్టర్, ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు 2001లో తయారు చేసింది. ఒక పోర్టు బయటికి, దాన్ని వ్యాన్ అంటారు. ఇంకోటి లోపలికి, అది ల్యాన్. ఫైబర్ కంపెనీ వాళ్ళిచ్చిన డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాను, లేకపోతే దాని వెనక మనది ఇంకో రౌటర్‌లా అయ్యి అడ్రసుల మార్పిడి రెండుసార్లు జరుగుతుంది. నెట్ నడుస్తుంది గానీ తర్వాత వీపీఎన్ పెట్టేటప్పుడు తలనొప్పి.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదట చేసినది పాస్‌వర్డ్ మార్చడం. పీఎఫ్‌సెన్స్ డిఫాల్ట్ యూజర్, పాస్‌వర్డ్ రెండూ ప్రపంచానికంతా తెలుసు. డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చకపోతే ఏమవుతుందో 2016లో మిరాయ్ చూపించింది. కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి లోపలికి దూరి, వాటన్నిటినీ సైన్యంగా మార్చి, ఆ అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీదకి వదిలారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. మన ఆఫీసులో గోడకి తగిలించిన డీవీఆర్ లాంటివే ఆ సైనికులు.

రెండో పని, లోపలి అడ్రసులు మార్చడం. డిఫాల్ట్‌గా 192.168.1.1 వస్తుంది. ఇళ్ళల్లో రౌటర్లు కూడా ఎక్కువగా 192.168.0 లేదా 192.168.1 వాడతాయి. రేపు బాబాయి ఇంటినుంచి వీపీఎన్‌లో కలిస్తే, 192.168.1.5 అంటే ఇంట్లో ఉన్న టీవీనా, ఆఫీసు సర్వరా అని ల్యాప్‌టాప్‌కి తెలియదు. అందుకని ఆఫీసుకి 192.168.10, 20, 30 అని ఎంచుకున్నాను. ఇది ముందే చేయాలి, అన్నీ అమర్చాక మారిస్తే ప్రింటర్లన్నీ మళ్ళీ పెట్టుకోవాలి. నేను ప్రింటర్లు పెట్టాక మార్చాను. ఆ సాయంత్రం గురించి ఇంక రాయను.

మూడు నంబర్లు ఎందుకంటే, ఆఫీసుని మూడు గదులుగా చీల్చాను. 10లో స్టాఫ్ కంప్యూటర్లు, సర్వర్, ప్రింటర్లు. 20లో డీవీఆర్, అటెండెన్స్ మిషన్. 30లో వచ్చే క్లయింట్ల వైఫై. తీగలు మూడు వేయక్కర్లేదు, వీలాన్ అనే ఏర్పాటు ఉంది. ప్రతి ఫ్రేముకి ఒక చిన్న చీటీ అంటించి, ఇది ఫలానా గదిది అని స్విచ్‌కి చెప్పడం. ఆ చీటీలో గది నంబరుకి 12 బిట్లు ఉంటాయి, అందుకే 4,094 గదుల వరకూ చేసుకోవచ్చు. మనకి మూడు చాలు. దీనికి మామూలు స్విచ్ పనికిరాదు, వీలాన్ తెలిసిన స్విచ్ కావాలి. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానిదే.

ఇక్కడ నేను చాలా రోజులు తప్పుగా అనుకున్న విషయం ఒకటి చెప్పాలి. ఫైర్‌వాల్ పెడితే ఆఫీసులో కంప్యూటర్ల మధ్య జరిగేదంతా దానికి కనిపిస్తుందనుకున్నాను. కనిపించదు. ఒకే గదిలో ఉన్న రెండు కంప్యూటర్లు స్విచ్ ద్వారా నేరుగా మాట్లాడుకుంటాయి, వాచ్‌మన్ దాకా రావు. ఒక గదినుంచి ఇంకో గదికి వెళ్ళేటప్పుడే ఫైర్‌వాల్ దాటాలి. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు జరిగింది ఇదే. ఒక కంప్యూటర్లోకి వస్తే, 445 పోర్టు మీద, అంటే విండోస్ ఫైల్ షేరింగ్ మీద, పక్కనున్న వాటికి తనంతట తానే పాకేది. మైక్రోసాఫ్ట్ దానికి అప్‌డేట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి. మన ట్యాలీ డేటా షేర్ అయ్యేది కూడా ఆ 445 మీదే కాబట్టి స్టాఫ్ గదిలో దాన్ని మూసేయలేం. అందుకే ప్రతి కంప్యూటర్లో విండోస్ సొంత ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉండాలి. 'ప్రింటర్ రావట్లేదు' అని దాన్ని ఆపేసే అలవాటు ప్రతి ఆఫీసులో ఉంటుంది. మా బాబాయి ఆఫీసులో తొమ్మిదింటిలో ఆరు ఆఫ్‌లో ఉన్నాయి.

ఇప్పుడు రూల్స్. పీఎఫ్‌సెన్స్‌లో రూల్స్ పైనుంచి కిందికి చదవబడతాయి, ఏది ముందు సరిపోతే అదే చెల్లుతుంది, మిగతావి చూడదు. ఏదీ సరిపోకపోతే ఆపేస్తుంది. ఇంకో నియమం, ప్యాకెట్ ఏ గదినుంచి ఫైర్‌వాల్‌లోకి అడుగుపెడుతుందో ఆ గది ట్యాబ్‌లోనే రూల్ రాయాలి. నేను మొదట గెస్ట్ వైఫైని ఆపడానికి రూల్ తీసుకెళ్ళి స్టాఫ్ ట్యాబ్‌లో రాశాను. అది ఏమీ ఆపలేదు.

గెస్ట్ గదికి మూడే రూల్స్, వరస ముఖ్యం. మొదటిది, డీఎన్ఎస్ కోసం ఫైర్‌వాల్ దగ్గరికి రావచ్చు. రెండోది, ప్రైవేటు అడ్రసులు వేటికీ వెళ్ళకూడదు. అంటే 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి. వీటన్నిటినీ కలిపి ఒక పేరు పెట్టుకోవచ్చు, ఎలియాస్ అంటారు. మూడోది, ఇక మిగిలిన ఎక్కడికైనా వెళ్ళొచ్చు. రెండూ మూడూ తారుమారు చేస్తే క్లయింట్ తన ఫోన్‌లోంచి మన సర్వర్ తలుపు తట్టగలడు. నేను నా ఫోన్ గెస్ట్ వైఫైలో పెట్టి సర్వర్ అడ్రసు కొట్టి చూశాకే నమ్మాను. రూల్ రాయడం ఎంతో, అది ఆపుతోందో లేదో చూడటం అంతే పని.

డీవీఆర్ గదికి ఇంటర్నెట్ పూర్తిగా తీసేశాను. దానికి కావలసింది సరైన టైము ఒక్కటే, అది ఫైర్‌వాలే ఇస్తుంది. అటెండెన్స్ మిషన్ ఇంకా తేలిక. దాని సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ 4370 పోర్టు మీద మిషన్‌ని అడిగి లెక్క తెచ్చుకుంటుంది. కాబట్టి స్టాఫ్ గదినుంచి ఆ ఒక్క కంప్యూటర్‌కి, ఆ ఒక్క మిషన్‌కి, ఆ ఒక్క పోర్టుకి రూల్. ఎదురు దిశలో ఏమీ లేదు.

డీవీఆర్ రూల్ పెట్టాక ఒక వింత జరిగింది. ఆపేశాను, అప్లై కొట్టాను, అయినా అది బయటికి మాట్లాడుతూనే ఉంది. గంటసేపు రూల్ మార్చి మార్చి రాశాను. రూల్ తప్పు కాదు. పాత కనెక్షన్ వాచ్‌మన్ పుస్తకంలో ఇంకా ఉంది. పుస్తకంలో ఉన్నవాడికి కొత్త రూల్ వర్తించదు. ఆ స్టేట్స్ చెరిపేశాక అప్పుడు ఆగింది.

కానీ దీంతో బాబాయికి కోపం వచ్చింది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కెమెరాలు చూసుకునేవాడు, ఆ యాప్ ఆగిపోయింది. "సెక్యూరిటీ పెట్టమంటే కెమెరాలు తీసేశావేంట్రా" అన్నాడు. న్యాయమే. సెక్యూరిటీ పేరుతో వాళ్ళకి కావలసిన పని ఆపేస్తే, మనం అటు వెళ్ళగానే ఎవరినో పిలిచి మళ్ళీ తలుపు తెరిపిస్తారు. 3389 కూడా అలా తెరుచుకున్నదే కదా. ఇంటినుంచి పని చేసుకోవాలన్న అవసరం తప్పు కాదు, దారి తప్పు.

సరైన దారి వీపీఎన్. పీఎఫ్‌సెన్స్‌లో వైర్‌గార్డ్ ప్యాకేజీ వేసుకున్నాను. పాస్‌వర్డ్‌లు ఉండవు, రెండు వైపులా తాళం జతలు ఉంటాయి. బాబాయి ఫోన్‌కి ఒకటి, ల్యాప్‌టాప్‌కి ఒకటి, సీనియర్ అకౌంటెంట్ మేడమ్‌కి ఒకటి. నాకు దీంట్లో బాగా నచ్చింది దాని మౌనం. సరైన తాళం లేకుండా ఎవరు తట్టినా అసలు జవాబే ఇవ్వదు. తట్టినవాడికి అక్కడ తలుపుందని కూడా తెలియదు. వ్యాన్ వైపు నేను తెరిచింది ఇదొక్కటే, యూడీపీ 51820. లోపలికి వచ్చాక రిమోట్ డెస్క్‌టాప్, కెమెరాలు అన్నీ పాతలాగే.

ఒక అడ్డంకి వస్తుంది, మీకూ వస్తుంది. చాలా నెట్ కంపెనీలు మనకి సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వవు, ఎంతోమందిని ఒకే ఐపీ వెనక పెడతాయి. వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు అలాంటి గుంపులో ఉన్నట్టే. అప్పుడు బయటనుంచి మీ గేటు దాకా ఎవరూ రాలేరు, మీరు కూడా. బాబాయి స్టాటిక్ ఐపీ కోసం అప్లికేషన్ పెట్టాడు, వచ్చాకే వీపీఎన్ పనిచేసింది.

ఇక అసలు గండం. కొత్తగా పెట్టిన పీఎఫ్‌సెన్స్‌లో ల్యాన్ వైపు ఒక రూల్ ముందే ఉంటుంది, లోపలివాళ్ళు ఎక్కడికైనా వెళ్ళొచ్చు అని. దాన్ని తీసేసి కావలసినవే వదలాలనుకున్నాను. వెబ్‌కి 80, 443, మెయిల్‌కి 587, 993, పేర్లు వెతకడానికి డీఎన్ఎస్ 53 ఫైర్‌వాల్‌కి మాత్రమే, పింగ్. మిగతాది రిజెక్ట్. బ్లాక్ కాదు, రిజెక్ట్. బ్లాక్ అంటే పలక్కుండా పారేయడం, రిజెక్ట్ అంటే కుదరదని చెప్పి పంపడం. బయటివాళ్ళకి బ్లాక్ మంచిది. లోపల మనవాళ్ళకి రిజెక్ట్ పెడితే స్క్రీన్ తిరుగుతూ ఉండకుండా వెంటనే ఎర్రర్ వస్తుంది.

ఇదంతా నేను చేసింది ఏ రోజు? నెల 19వ తారీఖు, సాయంత్రం ఆరింటికి. జీఎస్‌టీఆర్-3బీకి నెలనెలా ఫైల్ చేసేవాళ్ళ గడువు 20. ట్యాక్స్ ఆఫీసులో 19 సాయంత్రం అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు.

మొదటి ఐదు నిమిషాలు ఏమీ కాలేదు. తెరిచి ఉన్న పేజీలు నడుస్తున్నాయి. తర్వాత ఒక్కొక్కరి గొంతూ లేచింది. "సైట్ రావట్లేదు." "నాకూ రావట్లేదు." "ఇందాక వచ్చిందే." మేడమ్ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. బాబాయి ఏమీ అనలేదు, అది ఇంకా భయంగా ఉంది. పింగ్ చేశాను, 8.8.8.8 జవాబిస్తోంది. అంటే నెట్ ఉంది, పేర్లే దొరకట్లేదు. డీఎన్ఎస్ రూల్ చూశాను, ఉంది, 53 అని స్పష్టంగా ఉంది. చేతులు చెమటలు. చివరికి ఫైర్‌వాల్ లాగ్ తెరవాలని తట్టింది. వరసగా ఒకటే లైను, స్టాఫ్ గదినుంచి 53కి వచ్చినది ఆపబడింది, ప్రోటోకాల్ యూడీపీ.

పీఎఫ్‌సెన్స్‌లో కొత్త రూల్ రాస్తే ప్రోటోకాల్ దగ్గర డిఫాల్ట్‌గా టీసీపీ ఉంటుంది. నేను దాన్ని చూడలేదు. డీఎన్ఎస్ ఎక్కువగా నడిచేది యూడీపీ మీద. ముందే అడిగి దాచుకున్న పేర్లతో, ముందే తెరిచిన కనెక్షన్లతో ఐదు నిమిషాలు బండి నడిచింది, తర్వాత ఆగింది. రెండూ అని మార్చి అప్లై కొట్టాను. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు. ఆ రాత్రి పది వరకూ అందరూ ఫైల్ చేస్తూనే ఉన్నారు, నేను టీలు తెచ్చాను.

ఆ తర్వాత తెలిసింది, నేను ఏమీ కనిపెట్టనక్కర్లేదని. పీఎఫ్‌సెన్స్ ప్రతి మార్పుకి ముందున్న సెట్టింగులని దాచి ఉంచుతుంది. కాన్ఫిగ్ హిస్టరీలోకి వెళ్ళి పది నిమిషాల కిందటిది రిస్టోర్ చేసి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు ఏ మార్పు చేసినా ముందు మొత్తం సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి దించుకుంటున్నాను. 15 నుంచి 20 వరకూ ఆ కంప్యూటర్ ముట్టుకోను.

దీనితో అంతా భద్రమా అంటే కాదు. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్ మన వాళ్ళే నొక్కితే, అది 443 మీద గుట్టుగా వచ్చేస్తుంది, లోపల ఏముందో ఈ పెట్టెకి కనిపించదు. అందుకే పెన్‌డ్రైవ్ పోయి ఇప్పుడు రెండు హార్డ్ డిస్కులు వచ్చాయి. ఒకటి ఎప్పుడూ బాబాయి ఇంట్లో, దేనికీ తగిలించకుండా ఉంటుంది, వారానికోసారి మారతాయి. వాటికి నాకంటే మేడమే కాపలా.

పోయిన నెల అటెండెన్స్ మిషన్ సర్వీసు మనిషి ఫోన్ చేశాడట, బయటనుంచి చూడాలి, ఒక పోర్టు తెరవమని. బాబాయి ఫోన్ మేడమ్‌కి ఇచ్చాడు. మేడమ్ అతన్ని ఏ పోర్టు, ఏ అడ్రసునుంచి, ఎన్ని రోజులకి అని అడిగారట. అతను కనుక్కుని చెప్తానన్నాడు. ఇంతవరకూ మళ్ళీ ఫోన్ రాలేదు, మిషన్ మాత్రం బాగానే పనిచేస్తోంది.